ఫోన్‌తో ఆరోగ్య సేవ: మీ ప్రశ్నలకు జవాబులు

డాక్టరు దూరంగా, ఫోన్ దగ్గరగా ఉన్న చోట ఆరోగ్య సేవలకు మొబైల్‌ను ఎలా వాడాలన్న పరిశోధన గురించి వచ్చిన ప్రశ్నలివి. రాసినవాళ్లలో పరిశోధక విద్యార్థులు, నర్సులు, క్షేత్రస్థాయి సూపర్‌వైజర్లు ఎక్కువ. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన రోగులకు మెసేజ్‌తో గుర్తుచేయడం మీద పరిశోధన మొదలుపెడుతున్నాను. రోజూ పంపాలా, వారానికోసారి చాలా? మెసేజ్‌లో ఏం రాయాలి?

జవాబు: వారానికోసారి చాలు. కెన్యాలో హెచ్‌ఐవీ మందులు వాడుతున్న 431 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. రోగి చెప్పిన మాట మీద ఆధారపడకుండా, మందు సీసా తెరిచినప్పుడల్లా నమోదు చేసే ఎలక్ట్రానిక్ మూతలు పెట్టి లెక్క తీశారు. వారానికోసారి మెసేజ్ అందుకున్నవాళ్లలో 53 శాతం మంది 48 వారాల్లో నూటికి కనీసం 90 డోసులు వేసుకున్నారు. మెసేజ్ అందనివాళ్లలో అది 40 శాతమే. రోజూ మెసేజ్ పంపిన గుంపులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజూ అదే మోత మోగుతుంటే ఎవరు పట్టించుకుంటారు! ధైర్యం చెబుతూ పొడుగ్గా రాసిన మెసేజ్‌లు కూడా పొట్టివాటికన్నా ఎక్కువేమీ సాధించలేదు.

మీరు ఇంకా శ్రద్ధగా చదవాల్సింది వెల్‌టెల్ ప్రయోగం. అదీ కెన్యాలోనే జరిగింది, 2010లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. మొత్తం 538 మంది రోగులు. మెసేజ్ గుంపులో ఉన్నవాళ్లకు వారానికోసారి స్వాహిలీ భాషలో 'మాంబో?' అని ఒక్క మాట వెళ్లేది, ఎలా ఉన్నారన్నట్టు. మందుల ఊసే లేదు. 48 గంటల్లోగా బాగున్నాననో, ఇబ్బందిగా ఉందనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్లకూ, అసలు జవాబివ్వనివాళ్లకూ నర్సు ఫోన్ చేసేది. ఏడాది తర్వాత చూస్తే మందులు సరిగ్గా వేసుకున్నవాళ్లు ఈ గుంపులో 62 శాతం, రెండో గుంపులో 50 శాతం. రక్తంలో వైరస్ అదుపులోకి వచ్చినవాళ్లు 57 శాతం, 48 శాతం. ఇక్కడ పనిచేసింది మెసేజ్ కన్నా నర్సు చేసిన ఫోనే అని మేం నమ్ముతాం.

అందుకని ముందు నర్సు వేళ లెక్కేయండి. మీ దగ్గర 500 మంది రోగులున్నారు, వారంలో నూటికి ఐదుగురు ఇబ్బంది అన్నారు, నూటికి 15 మంది జవాబే ఇవ్వలేదు అనుకుందాం. అంటే వారానికి 100 ఫోన్లు. ఒక్కోటి 5 నిమిషాలైతే 500 నిమిషాలు, ఎనిమిది గంటల పైమాటే. ఎత్తని ఫోన్లకు మళ్లీ చేయడం దీనికి అదనం. వారంలో ఒక రోజంతా నర్సును ఈ పనికే కేటాయించలేకపోతే జవాబు అడిగే మెసేజ్ పెట్టకండి. ఇబ్బంది అని పంపాక ఎవరూ పలకకపోతే రోగి రెండోసారి పంపడు.

ప్రశ్న: మా తెలుగు మెసేజ్‌లు రెండు మూడు ముక్కలై వెళ్తున్నాయి. బిల్లూ అన్ని రెట్లు వస్తోంది. ఇంగ్లిష్‌లో అంతే పొడవున్నది ఒక్కటిగానే వెళ్తోంది, ఎందుకు?

జవాబు: ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. మామూలు ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు యూనికోడ్‌లో వెళ్తుంది కాబట్టి 70 మాత్రమే. ఆ 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అప్పుడు ఒక్కో ముక్కలో 67 పడతాయి. అసలు చిక్కు లెక్కలో ఉంది. కంటికి ఒక అక్షరంగా కనిపించేది యంత్రానికి ఒకటి కాదు. గుణింతం గుర్తు, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరుగా లెక్క.

'బాగున్నారా? బాగుంటే 1, ఇబ్బంది ఉంటే 2 పంపండి.' అన్న మెసేజ్ చూడండి. కంటికి కనిపించే అక్షరాలు 15. ఖాళీలు, అంకెలు, విరామ చిహ్నాలతో కలిపి యంత్రం లెక్కలో 45. ఒక్క ముక్కలో హాయిగా వెళ్తుంది. దీనికి ముందు రోగి పేరు, వెనక ఆసుపత్రి పేరు తగిలించారో, 70 దాటిపోతుంది.

ఇంగ్లిష్ మెసేజ్‌లకూ ఒక గండం ఉంది. కంప్యూటర్లో టైపు చేసి అతికించినప్పుడు వంకర కొటేషన్ గుర్తు ఒక్కటి వచ్చినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌లోకి మారిపోయి 160 కాస్తా 70 అవుతుంది. పంపే ముందు పాత బటన్ ఫోన్లలో కూడా తెరిచి చూడండి. కొన్నిటిలో తెలుగు బదులు గళ్లు కనిపిస్తాయి.

ప్రశ్న: ఇంటికంతా ఒకే ఫోన్. రోగి విషయం మిగతావాళ్లకు తెలియకుండా ఎలా?

జవాబు: చేర్చుకునేటప్పుడు 'మీకు ఫోన్ ఉందా?' అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. ఫోన్ ఎవరిది, పగలు ఎవరి దగ్గర ఉంటుంది, మెసేజ్‌లు ఎవరు చదివి పెడతారు, ఏ వేళకు మీ చేతికొస్తుంది, ఈ నాలుగూ విడిగా అడగండి. మెసేజ్‌లో జబ్బు పేరు, మందు పేరు, ఆ జబ్బు పేరున్న క్లినిక్ పేరు రాకూడదు. పంపేవారి పేరు కూడా చూసుకోండి. లోపలి మాట ఎంత గుట్టుగా రాసినా పైన 'క్షయ విభాగం' అని కనిపిస్తే ఏం లాభం?

నంబరు రాసుకున్న క్షణంలోనే ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి మోగుతుందో లేదో చూడండి. తప్పు అంకెలు అక్కడే దొరుకుతాయి. రెండో నంబరు తీసుకుంటే, ఆ మనిషికి ఏం చెప్పవచ్చో ఏం చెప్పకూడదో రోగి చేతే చెప్పించి రాసుకోండి. మానేయాలనుకుంటే ఏం పంపాలో మొదటి మెసేజ్‌లోనే ఉండాలి. సిమ్ కొంతకాలం వాడకపోతే ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుందని మరవకండి. వరసగా నాలుగు వారాలు జవాబు లేకపోతే మెసేజ్‌లు ఆపి, మనిషిని పంపి కనుక్కోండి.

ప్రశ్న: చదువు రానివాళ్లకు వాయిస్ కాల్ పెట్టాం. 1 నొక్కండి అంటే చాలామంది నొక్కడం లేదు.

జవాబు: టచ్ ఫోన్ చెవి దగ్గర పెట్టగానే తెర ఆరిపోతుంది. కిందికి దించితే డయల్ ప్యాడ్ కనబడదు, దాన్ని తెరిచేలోపు మీ కాల్ కట్టయిపోతుంది. నొక్కడానికి కనీసం 10 సెకన్లు ఇవ్వండి, ప్రశ్నను రెండుసార్లు వినిపించండి. పని ముందు, అంకె తర్వాత రావాలి: 'జ్వరం ఉంటే 1 నొక్కండి'. మూడుకు మించి ఎంపికలు పెట్టకండి. కాల్ ఎవరిదో మొదటి వాక్యంలోనే తెలియాలి, లేకపోతే ప్రకటన అనుకుని పెట్టేస్తారు. వాళ్లు మిస్డ్ కాల్ ఇస్తే మీ సిస్టమ్ తిరిగి చేసే పద్ధతి అన్నిటికన్నా మేలు. ఖర్చు మీది, వేళ వాళ్లది.

ప్రశ్న: న్యుమోనియా అనుమానం ఉన్న పిల్లల శ్వాసను ఫోన్ యాప్‌తో లెక్కిస్తున్నాం. ఒకే బిడ్డకు ఇద్దరు కార్యకర్తలు లెక్కిస్తే అంకెలు వేరువేరుగా వస్తున్నాయి. లోపం యాప్‌దా, మనుషులదా?

జవాబు: రెండు మూడు తేడా మామూలే, బిడ్డ ఊపిరే నిమిషానికోలా ఉంటుంది. పది, పదిహేను తేడా వస్తోందంటే మాత్రం పద్ధతిలోనే ఏదో ఉంది. మేం ఈ వరసలో వెతుకుతాం.

మొదట, నిమిషం మొత్తం లెక్కిస్తున్నారా? 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేస్తే తప్పు కూడా రెట్టింపవుతుంది. ఫోన్ తెర 30 సెకన్లకు ఆరిపోయేలా సెట్ చేసి ఉంటే కార్యకర్త దాన్ని వెలిగించే హడావిడిలో రెండు మూడు ఊపిరులు పోగొట్టుకుంటుంది. టైమర్ నడుస్తున్నంతసేపూ తెర ఆరకుండా యాప్‌లోనే ఏర్పాటుండాలి, ముగిసినట్టు శబ్దంతో తెలియాలి. చూపు ఉండాల్సింది బిడ్డ పొట్ట మీద, ఫోన్ మీద కాదు.

తర్వాత, బిడ్డ ఎలా ఉంది? ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా లెక్క పనికిరాదు. తల్లి ఒళ్లో నెమ్మదించాక, చొక్కా పైకి తీసి, పొట్టా ఛాతీ కలిసే చోట చూడాలి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. కొత్తవాళ్లు లేవడం ఒకటి, దిగడం ఒకటిగా లెక్కేసి 90, 100 రాసేస్తుంటారు.

ఇక ఊపిరి తీసినప్పుడల్లా తెర మీద తట్టే యాప్‌లు. ఇవి కొన్ని తట్లమధ్య ఎడాన్ని బట్టి నిమిషానికెంతో అంచనా వేస్తాయి. త్వరగా తేలుతుంది. కానీ రెండు నెలల లోపు పసిపిల్లలు కాసేపు గబగబా తీసి, కాసేపు ఆగి, మళ్లీ తీస్తారు. గబగబా తీసిన ఆ కాసేపే తడితే అంకె ఉత్త పుణ్యానికి పెరుగుతుంది. వాళ్లకు పూర్తి నిమిషమే లెక్కించాలి. 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ లెక్కించాలి.

చివరిది, చాలామంది చూడనిది: వయసు. నిమిషానికి ఎన్ని ఊపిరులన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు ఇవి. రెండు నెలల లోపు 60, రెండు నెలలు నిండి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఆ అంకె గానీ అంతకు మించి గానీ వస్తే వేగంగా ఉన్నట్టు. 11 నెలల బిడ్డకు 45 వస్తే వేగం లేదు. అదే 45 పన్నెండు నెలల బిడ్డకు వస్తే వేగం. కార్యకర్త 'ఏడాది పిల్లే కదా' అని వయసు గుండుగుత్తగా వేసిందంటే లెక్క సరిగ్గా ఉన్నా యాప్ చెప్పే తీర్పు తప్పుతుంది. పుట్టిన తేదీ టీకా కార్డు చూసి ఎక్కించాలి. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను, పాలు తాగలేని బిడ్డను అంకెతో పని లేకుండా ఆసుపత్రికి పంపేయాలి. ఆ ప్రశ్నలు యాప్‌లో శ్వాస లెక్క కన్నా ముందే రావాలి.

ప్రశ్న: ఫోన్ కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ శాతం చెప్పే యాప్‌లను వాడవచ్చా?

జవాబు: వద్దు. వేలికి తగిలించే ఆక్సీమీటర్ రెండు రకాల కాంతి వాడుతుంది, ఎరుపు ఒకటి, కంటికి కనబడని పరారుణం ఒకటి. ఈ రెండిటి నిష్పత్తి నుంచే ఆక్సిజన్ తెలుస్తుంది. ఫోన్ కెమెరా ముందు పరారుణాన్ని అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది. నాడి వేగం వరకైతే కెమెరా ఫరవాలేదు. ఆక్సిజన్‌కు అసలైన ఆక్సీమీటర్ కొనండి, చిన్నపిల్లలకు వాళ్ల సైజుదే కొనండి. వేలు చల్లగా ఉన్నా, గోళ్ల రంగున్నా, బిడ్డ కదులుతున్నా అంకె నమ్మకండి. తెర మీద నాడి అల నిలకడగా వచ్చాకే రాసుకోండి. ఒంటిరంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఈ పరికరాలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చని 2020లో వచ్చిన పరిశోధన తేల్చింది. కాబట్టి 90 దగ్గర్లో ఉన్న అంకెను చూసి ధీమాగా ఉండకూడదు.

ప్రశ్న: ఓడీకే ఫారాలతో ఇంటింటి సర్వే చేస్తున్నాం. కార్యకర్తలు నింపామంటారు, సర్వర్‌లో ఉండవు. ఉన్నవాటిలో కొన్ని అంకెలు అనుమానంగా ఉన్నాయి.

జవాబు: ఓడీకే అంటే ఓపెన్ డేటా కిట్, ఫోన్‌లో ఫారాలు నింపే సాఫ్ట్‌వేర్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన ఇది నెట్ లేని చోటా పనిచేస్తుంది. నింపింది ఫోన్‌లో ఉండి, నెట్ దొరికాక వెళ్తుంది. ఆ మధ్యలోనే అన్నీ ఇరుక్కుంటాయి. ముందు ఫారం 'డ్రాఫ్ట్' గానే ఉండిపోయిందేమో చూడండి, పూర్తయినట్టు గుర్తు పెడితేనే వెళ్తుంది. తర్వాత ఫోన్ తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన కొన్ని ఫోన్లు పాత తేదీకి వెళ్లిపోతాయి. తేదీ తప్పయితే సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ కుదరదు. పైకి మాత్రం నెట్ లేదన్నట్టే కనిపిస్తుంది. తానే పంపే సెట్టింగ్ 'వైఫై ఉంటేనే' అని ఉందేమో కూడా చూడండి. ఫొటోలు పెద్దవైతే పొడవాటి వైపును 1024 పిక్సెళ్లకు కుదించమని ఫారంలోనే రాయవచ్చు.

అనుమానపు అంకెల సంగతి. పిల్లల జబ్బ చుట్టుకొలతనే తీసుకుందాం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 115 మిల్లీమీటర్ల లోపుంటే తీవ్ర పోషకాహార లోపం, 115 నుంచి 125 లోపు మధ్యస్థం. ఒకరు 12.4 అని సెంటీమీటర్లలో, ఒకరు 124 అని మిల్లీమీటర్లలో రాస్తారు. ప్రమాణం ప్రశ్నలోనే రాయండి, దశాంశం రాయనీయకండి. హద్దులు పెట్టేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 90 కన్నా తక్కువ ఒప్పుకోనని ఫారం మొండికేస్తే, 86 ఉన్న బిడ్డ కూడా 90గా నమోదవుతుంది. ముందుకెళ్లాలంటే కార్యకర్తకు ఇంకో దారి లేదు మరి. మీకు అందరికన్నా ముఖ్యమైన బిడ్డ ఆమే! అసాధ్యమైన అంకెలకే తలుపు మూయండి. అరుదైనవాటికి 'మళ్లీ కొలిచారా?' అన్న ప్రశ్న పెట్టి వదిలేయండి.

ఫారాలను తాళం వేసి పంపే సౌకర్యం వాడుతుంటే వాటిని తెరిచే ప్రైవేటు తాళంచెవి (కీ) ఫైలును రెండు చోట్ల దాచండి. అది పోతే సమాచారం ఎవరూ తెరవలేరు.

ప్రశ్న: కరెంటు సరిగ్గా లేని చోట ఫోన్ల చార్జింగ్?

జవాబు: 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే 3.7 వోల్టుల దగ్గర 37 వాట్‌అవర్లు. మార్పిడిలో మూడో వంతు పోతుంది, చేతికొచ్చేది 24, 25. 4,000 ఎంఏహెచ్ ఫోన్‌కు సుమారు 15 కావాలి, అంటే ఒకటిన్నర సార్లు నింపవచ్చు. 10 వాట్ల సోలార్ పలక మంచి ఎండలోనూ ఆరు వాట్లిస్తే గొప్ప. ఫోన్‌ను పలకకు నేరుగా తగిలించకండి. మబ్బు పట్టినప్పుడల్లా చార్జింగ్ తెగుతుంది, మళ్లీ అందుకోకపోవచ్చు. పలకతో పవర్‌బ్యాంక్, దానితో ఫోన్. పలక ఎండలో, మిగతావి నీడలో.

ప్రశ్న: మందుల నిల్వ ఎంతుందో ఆరోగ్య కేంద్రాలు వారం వారం మెసేజ్ పంపాలి. రెండు నెలలు పంపి మానేశారు.

జవాబు: పంపితే మందు వస్తోందా? రాకపోతే ఎందుకు పంపుతారు? టాంజానియాలో 2009–10లో 'ఎస్సెమ్మెస్ ఫర్ లైఫ్' పేరుతో మూడు జిల్లాల్లోని 129 కేంద్రాల్లో 21 వారాలు చేసి చూశారు. మలేరియా మందుల్లో కనీసం ఒకటైనా నిండుకున్న కేంద్రాలు మొదటివారం 78 శాతం, చివరికి 26 శాతం. అక్కడ జవాబు మెసేజ్‌కు పైసా ఖర్చు లేదు. వేళకు పంపినవాళ్లకు ఫోన్ బ్యాలెన్స్ పడేది, పంపనివాళ్లకు మళ్లీ గుర్తుచేసేవారు. అన్నిటికన్నా ముఖ్యం, జిల్లా అధికారి ఆ అంకెలు చూసి, నిల్వ ఎక్కువున్న చోటునుంచి లేని చోటికి మందులు కదిలించేవారు. మీ పరిశోధనలో ఎన్ని మెసేజ్‌లు వచ్చాయన్నదానితో పాటు, నిండుకుందన్న కబురుకూ మందు చేరడానికీ మధ్య ఎన్ని రోజులు పట్టిందో కూడా రాయండి.

ప్రశ్న: బడిలో పిల్లల కళ్లు ఫోన్‌తో పరీక్షించి ఆసుపత్రికి రాసిస్తున్నాం. వెళ్లేవాళ్లు తక్కువ.

జవాబు: కెన్యాలోని బడుల్లో 'పీక్' యాప్‌తో జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. చూపు లోపం తేలిన పిల్లల్లో ఆసుపత్రికి వెళ్లినవాళ్లు పీక్ బడుల్లో 54 శాతం, మామూలు పద్ధతి పాటించిన బడుల్లో 22 శాతం. పరీక్షతో ఆగకుండా, బిడ్డకు ఎలా కనిపిస్తోందో మసక బొమ్మ రూపంలో పెద్దవాళ్లకు చూపించారు, తర్వాత మెసేజ్‌లతో గుర్తుచేశారు. చీటీ రాసిచ్చి ఊరుకోకుండా మీరూ అది చేయండి.

ప్రశ్న: నాకు 300 మంది చాలని లెక్క వచ్చింది. ఊళ్లవారీగా విభజిస్తే రెట్టింపు కావాలని గైడ్ అంటున్నారు. నిజమా?

జవాబు: నిజమే. ఊళ్లవారీ విభజన మీకు తప్పదు కూడా. ఒకరికొచ్చిన మెసేజ్ పక్కింటివాళ్లకూ తెలుస్తుంది, రెండు గుంపులూ కలగాపులగమవుతాయి. ఒకే ఊరివాళ్లు ఒకరికొకరు పోలి ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి నుంచి దొరికే కొత్త సమాచారం తగ్గుతుంది. ఊరికి 20 మంది, పోలిక గుణకం 0.05 అయితే పెంపు 1 + 19 × 0.05, అంటే 1.95. మీ 300 కాస్తా 585. అది 30 ఊళ్లు, ఒక్కో గుంపుకు 15. నంబర్లు మారి నూటికి 20 మంది చేజారతారనుకుంటే ఊరికి 25 మందిని చేర్చుకోండి, మొత్తం 750. ఫోన్ పోగొట్టుకున్నవాళ్లను లెక్కలోంచి తీసేయకండి. మొదట ఏ గుంపులో ఉన్నారో చివరిదాకా ఆ గుంపే.

ప్రశ్న: మా ప్రయోగం బాగా నడిచింది. కానీ ఆరోగ్య శాఖ ముందుకు రావడం లేదు.

జవాబు: వాళ్ల వైపు నుంచీ చూడండి. ఎవరికి వారే పెట్టిన, ఒకదానితో ఒకటి మాట్లాడని ప్రయోగాలు పెరిగిపోయి, 2012లో ఉగాండా ఆరోగ్య శాఖ తన అనుమతి లేని కొత్త ప్రాజెక్టులన్నిటినీ ఆపేసింది. దక్షిణాఫ్రికాలో గర్భిణుల కోసం 2014లో వచ్చిన 'మామ్‌కనెక్ట్' ను ఆరోగ్య శాఖే మొదలుపెట్టింది. క్లినిక్‌లోనే పేరు నమోదు, ఫిర్యాదు చేస్తే పలికే మనుషులు, అన్నీ శాఖ చేతిలోనే.

శాఖకు ఫలితాల నివేదికతో పాటు ఒక పేజీ ఖర్చుల లెక్క ఇవ్వండి. వెయ్యి మంది రోగులకు వారానికో మెసేజ్ అంటే ఏడాదికి 52,000. రెండు ముక్కలైతే 1,04,000. నర్సు గంటలు వారానికెన్ని, ఏడాదిలో పాడయ్యే ఫోన్లెన్ని, సర్వర్ ఆగితే రాత్రి ఎవరు చూస్తారు, నిధులు అయిపోయిన 13వ నెలలో మెసేజ్‌ల బిల్లు ఏ పద్దు కింద వస్తుంది? ఆ చివరి గడి ఖాళీగా ఉంటే ఫైలు మొదటి టేబుల్ దగ్గరే ఆగుతుంది. శాఖ ఇప్పటికే ఆరోగ్య లెక్కలన్నీ ఒకచోట చేర్చే డీహెచ్‌ఐఎస్2 లాంటి వ్యవస్థ వాడుతుంటే మీ అంకెలు నేరుగా అందులోకి వెళ్లేలా చేసి చూపించండి. సిబ్బంది చేత రెండోసారి టైపు చేయించే వ్యవస్థను ఎవరూ తలకెత్తుకోరు.